మత్తు కొలిచిన వదిన

పోయిన నెలలో నా గాల్‌బ్లాడర్ తీసేశారు. అందులో రాళ్ళున్నాయని స్కానింగులో తేలింది. ఉద్యోగమంతా బడిపిల్లలతో వేగినదాన్ని, రాళ్ళు పేరుకోకపోతే వింతగానీ పేరుకుంటే వింతేముందని నన్ను నేనే ఓదార్చుకుని విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చేరాను. ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం మత్తుడాక్టరు వచ్చాడు. కుర్రాడు, నా చివరి బ్యాచి పిల్లల వయసుంటుంది. బీపీ అడిగాడు, కదిలే పళ్ళున్నాయా అని అడిగాడు, బరువు అడిగి నేను చెప్పిన అంకె విని మర్యాదగా నవ్వు దాచుకున్నాడు. "ఏ మత్తిస్తావు బాబూ?" అన్నాను. ముసలావిడకి ఏం తెలుస్తుందిలే అన్నట్టు "సెవోఫ్లూరేన్ అమ్మా" అన్నాడు. "అలాగా, మంచిదే. నీళ్ళలో పెద్దగా కరగదు కాబట్టి తొందరగా తేరుకుంటాను. నూనెలో కూడా పాత హాలోథేనంత కరగదు, అందుకని కాస్త ఎక్కువే పట్టించాలి కదా?" అన్నాను. ఆ అబ్బాయి రాస్తున్న కలం ఆపేశాడు. "మేడమ్, మీరు ఏ మెడికల్ కాలేజీ?" అన్నాడు. నేను తెలుగు పంతులమ్మనని చెప్పి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నాకోసం బత్తాయి ఒలుస్తున్న మనిషిని చూపించాను. ఆవిడ తలెత్తకుండానే, "ఒల్లు బరువు కదా బాబూ, ఆపరేషన్ సాగితే కొవ్వులోకి ఎల్లిపోతాది. సూసుకో" అంది. ఆవిడ మా వదిన.

వదిన అంటే మావారి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడని మా పుట్టింటివాళ్ళు నన్ను భయపెట్టి మరీ కాపరానికి పంపారు. మాది శ్రీకూర్మం. అత్తవారిది గజపతినగరానికి దగ్గర్లో ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో నేను మొదట చూసిన అర్ధమొగుడు చేతిలో టిఫిను క్యారేజీ, చంకలో గొడుగు, కళ్ళజోడు మీద రైలుదుమ్ముతో ఇంట్లోకి వచ్చి, "ఏటే మరదలా, అన్నం తిన్నావా? మా అమ్మ వొండింది కదా, ఉప్పు సూసుకుని తిను" అని లోపలికి పోయింది. అంతే, నా భయం అక్కడితో పోయింది. ఆవిడ విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. రోజూ రాయగడ వైపు నుంచి వచ్చే ప్యాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం అదే దారిలో తిరిగొచ్చేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కుదరలేదు" అని, మళ్ళీ అడిగినవాళ్ళకి "మీకు కుదిరింది కదా, ఏటి సుకపడ్డారు?" అని జవాబిచ్చేది. మూడోసారి ఎవరూ అడగలేదు.

అలాంటి మనిషి యాభయ్యో పడి దగ్గరికొచ్చాక పీహెచ్‌డీకి కట్టింది. మా అత్తకి అది అస్సలు మింగుడుపడలేదు. ఉద్యోగం ఉన్నాక ఇంకా చదువేమిటన్నది ఆవిడ బాధ. "ఏ వయసుకి ఆ ముచ్చటని పెద్దలు ఊరికే అన్లేదు" అని దెప్పేది. కూతురు చదువుకి ఆవిడ పెట్టిన పేరు 'సీసాల సదువు'. అందులో వెటకారమెంతో బాధా అంతే. ఇంట్లో నాగలి ఉంది, దానివల్ల వడ్లొస్తాయి. కత్తిపీట ఉంది, దానివల్ల కూరొస్తుంది. ఆవు ఉంది, పాలొస్తాయి. గాజుసీసాలు ఊపుతూ కూర్చుంటే ఏమొస్తుందో ఆవిడకి ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పాల్సిన మనిషి చెప్పే ఓపిక లేక రైలెక్కి వెళ్ళిపోయేది. తల్లీకూతుళ్ళిద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ మొండివాళ్ళే. మధ్యలో ఇద్దరి మాటలూ మోసేదాన్ని నేను.

నిజానికి ఆ చదువు మొదలైంది మా మావయ్యగారి వల్ల. ఆయనది భారీ శరీరం. పాలకుండ ఎత్తి పట్టుకుని గటగటా తాగే మనిషి. ఆయనకి ఒకసారి పెద్ద ఆపరేషనే చేశారు. ఆయన తర్వాత లోపలికెళ్ళినవాళ్ళు కళ్ళు తెరిచి, మూలిగి, మంచినీళ్ళడుగుతున్నారు, ఈయన మాత్రం లేవడు. మా అత్త డాక్టరు కోటు పట్టుకుని "నా మనిసిని ఏటి సేసారు?" అని ఏడ్చేసింది. పాపం ఆ డాక్టరు ఓపిగ్గా, "ఏం పరవాలేదమ్మా, భారీ మనిషి కదా, మత్తు కొవ్వులో దాక్కుంది, మెల్లగా బయటికొస్తుంది" అన్నాడు. అత్త పైడితల్లికి మొక్కుకుంది. వదిన మాత్రం కళ్ళు తుడుచుకుని, "ఎంత దాక్కుంటుందండీ? అది కొలవొచ్చా?" అని అడిగింది. సాయంత్రానికి మావయ్యగారు కళ్ళు తెరిచి, "పెయ్యని కట్టీసారేటి?" అన్నారు. అందరం ఏడుస్తూ నవ్వాం. ఆ తర్వాత ఆయన చాలాకాలం బతికి, పాలు మానకుండానే పోయారు. ఆ రోజు వదిన నోట్లోంచి వచ్చిన ప్రశ్న మాత్రం ఆవిడని వదల్లేదు.

ఆవిడ పనేమిటో నాకు అర్థమైనంతలో చెప్తాను. ముక్కుకి మూత పెట్టి పీల్పించే మత్తుమందులు కొన్ని ఉన్నాయి. అవి నూనెలో ఎంత కరుగుతాయో, నీళ్ళలో ఎంత కరుగుతాయో కొలవడమే పని. నూనెలో ఎంత బాగా కరిగే మందైతే అంత కొంచెంతో మనిషి నిద్రపోతాడు. నీళ్ళలో, నెత్తురులో ఎంత తక్కువ కరిగేదైతే అంత తొందరగా మనిషి తిరిగి లేస్తాడు. కొలిచే పద్ధతి వింటే తేలికే. మూత బిగించిన సీసాలో కాస్త నూనె పోసి, అందులోకి ఇంత మందు ఆవిరిని ఎక్కించి, మనిషి ఒంటి వేడి ఉన్న నీళ్ళతొట్టిలో పెట్టి చాలాసేపు ఊపాలి. తర్వాత సీసాలో నూనె పైనున్న గాలిని గాజుసిరంజితో లాగి ఒక యంత్రానికి ఇస్తే, అది కాగితం మీద కొండ గీస్తుంది. కొండ పెద్దదైతే మందు గాలిలోనే ఎక్కువ ఉండిపోయినట్టు, పొట్టిదైతే నూనెలోకి దిగిపోయినట్టు. విదేశాలవాళ్ళు ఆలివ్ నూనెలో కొలిచి పుస్తకాల్లో రాసుకున్నారట. మన నూనెల్లో కొలుస్తానని వదిన బయల్దేరింది. దాంతో మా వంటింట్లో నూనెకి భద్రత లేకుండాపోయింది. నువ్వులనూనె డబ్బా తగ్గిపోయేది, వేరుశనగనూనె సగమయ్యేది. కొబ్బరినూనె కోసం నేను తలంటు మానుకున్న రోజులున్నాయి. ఆముదం మాత్రం ఆమదాలవలస నుంచి తెప్పించుకుంది. ఊరి పేరులోనే ఉంది కదా, అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుందని ఆవిడ లెక్క. శాస్త్రం చదివిన మనిషికి అదేం లెక్కో నేను అడగలేదు.

ఒక ఆదివారం మా అత్త పోపు వేస్తూ, ఎప్పట్లాగే సీసాల చదువు మీద విసుర్లు మొదలుపెట్టింది. ఆ రోజు వదినకి ఏ కళనుందో, రైలెక్కే పని కూడా లేదు కాబట్టి, చేతిలో పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకొచ్చింది. ఒక గిన్నెలో నీళ్ళు, ఇంకో గిన్నెలో నూనె పోసి, రెండింట్లో చెరో చిటికెడు ఇంగువ వేసి కలిపి, మూతలు పెట్టింది. మేము చూస్తూ కూర్చున్నాం. కాసేపయ్యాక, "అమ్మా, ఈ మూత తీసి వాసన సూడు" అంది. నీళ్ళగిన్నె మూత తీయగానే ఇంగువ గుప్పున కొట్టింది. "ఇప్పుడిది సూడు." నూనెగిన్నెలోంచి అంత వాసన రాలేదు. "వేసింది ఒక్కలాగే కదా, మరి వాసనేటయ్యింది?" అని అడిగింది వదిన. మా అత్త నూనెగిన్నెని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూసి, "నూని పట్టీసుకుంది. అందుకే కదే ఇంగువని నూనిలో ఏస్తాం, నీల్లలో ఏస్తామేటి?" అంది. "అదేనమ్మా నా సదువు. ఇంగువ బదులు మత్తుమందు. నూని బదులు మనిసి కొవ్వు."

అత్త నూనెగిన్నెని ఇంకా ముక్కు దగ్గరే పట్టుకుని ఉంది. పొయ్యి మీద కూర మాడిపోతోందని నేనే దించాను. "అయితే ఆ రోజు మీ నాన్న..." అంది చివరికి. "అవునమ్మా. నాన్న ఒంట్లో కొవ్వు పట్టుకుని ఉంచింది. మెల్లగా వొగ్గింది." "ఈ లెక్క తెలిసినోల్లే మత్తిస్తారేటి?" "తెలిసే ఇస్తారు. తెలీకపోతే మనిసి తిరిగి రాడు." మా అత్త చెంగుతో ముఖం తుడుచుకుని, "ఇన్నాల్లు ఈ ముక్క సెప్పడానికి నీకేటి నొప్పి?" అని కూతుర్ని కసురుకుంది. ఆ సాయంత్రం నుంచి వీధిలో అందరికీ మా ఇంట్లో డాక్టరమ్మ తయారవుతోందని చెప్పుకోవడం మొదలుపెట్టింది. పక్కింటి ముసలమ్మ "ఏ జొరానికి మందిస్తాదేటి?" అని అడిగితే, "మందియ్యదు. మందుని కొలుస్తాది" అని గర్వంగా జవాబిచ్చింది. ఇంట గెలిచాను, ఇక రచ్చ గెలవాలి అని వదిన నాతో అని నవ్వింది. అత్తకి అప్పటికే గుండె నీరసం. "నానుండగా అవ్వగొట్టీయే. నీ పేరు ముందర డాక్టరని రాసుంటే ఈ కల్లతో సూడాల" అనేది కూతురితో. అదొక్కటే కోరింది ఆవిడ.

నూనెల కొలతలన్నీ పూర్తయ్యాయి. మిగిలినవి నీళ్ళ కొలతలు. సరిగ్గా అప్పుడు దసరా వచ్చింది. కాలేజీకి సెలవులిచ్చి లాబొరేటరీకి సున్నాలు వేయిస్తున్నారు. సీసాలు పగిలిపోతాయేమోనని వదిన వాటిని గడ్డి పరిచిన బుట్టలో సర్దుకుని ఇంటికి తెచ్చుకుంది. నూనెకి వాడినవి వేరు పెట్టింది. నీళ్ళకి వాడబోయే కొత్తవాటిని గంగాళంలో చాకలిసోడా వేసి మరిగించి, కడిగి, చేటలో నంబర్ల వరసన బోర్లించి, పైన గుడ్డ కప్పి ఆరబెట్టింది. అంత శుభ్రం ఎందుకంటే నూనె తగలకూడదట. నేను అప్పుడక్కడ లేను, పండక్కి పుట్టింటికి శ్రీకూర్మం వెళ్ళాను. ఇదంతా తర్వాత తెలిసిందే. పండగనాడు వదిన కూడా ఇంట్లో లేదు. విశాఖపట్నంలో ఆవిడ గైడు మర్నాడే పిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్నానని కబురుచేస్తే, పొద్దున్న రైలుకే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. వచ్చేసరికి చేట మీద సీసాలు గుడ్డ కప్పి ఎక్కడివక్కడే ఉన్నాయి.

సెలవులయ్యాక నీళ్ళ కొలతలు మొదలుపెట్టింది. నూనెలతో ఏనాడూ రాని తంటా నీళ్ళతో వచ్చింది. అందరికీ తెలిసిన హాలోథేన్‌కి కూడా, పుస్తకాల్లో ఉన్నదానికంటే అంకె ఎక్కువొస్తోంది. పైగా ఒక్కో సీసాకి ఒక్కో అంకె. ఒకే నీళ్ళు, ఒకే మందు, ఒకే వేడి. వట్టి నీళ్ళతో తొలిచి మళ్ళీ చేసినా అంతే. గైడుగారికి రాబోయే వేసవిలో రిటైర్మెంటు. ఆయన మంచాయనే, తొందరలో ఉన్నాడు. "నీ థీసిస్ నూనెల మీద కదమ్మా, అవి బంగారంలా వచ్చాయి. నీళ్ళవి సగటు తీసి రాసెయ్యి. లాబొరేటరీ మారితే అంకె కాస్త మారుతుంది, ఎవరూ అడగరు. ఆలస్యం అమృతం విషం" అన్నాడట. టైపు చెయ్యడానికి కాగితాలు ఇచ్చేయమని కూడా చెప్పాడు. వదిన సరేనని కాగితాలిచ్చి వచ్చింది. ఇంటికొచ్చి తల్లితో "దగ్గరికొచ్చీసిందమ్మా" అంది. అత్త ఆ రోజు బూరెలు వండించింది. మేమందరం తిన్నాం. వదిన ఒక బూరె చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆవిడ ఒక సీసాని చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పెరట్లో ఎండలో పీట వేసుకుని, నేను బియ్యంలో రాళ్ళేరుతుంటే నా పక్కనే కూర్చుని, సీసాలో నీళ్ళు పోసి, పారబోసి, సీసా మెడని ఎండకి ఎత్తి చూసింది. మళ్ళీ పోసి మళ్ళీ చూసింది. "మరదలా, సూడిది" అంది. సీసా లోపల అంతటా నీళ్ళు పల్చగా జారిపోతున్నాయి. మెడ దగ్గర మాత్రం తామరాకు మీద నీటిబొట్టుల్లా ఉండలు కట్టి నిలబడ్డాయి. అక్కడ జిడ్డుంది. మూత బిగిసే గరుకు అంచు సందులో సన్నగా ఎర్రటి గీత కనిపించింది. వదిన ఆ గీతని గోటితో గీకి, వేలికొసని ముక్కు దగ్గర పెట్టుకుంది. నువ్వులనూనె. తర్వాత నా నుదుటివైపు చూసింది. నేను పొద్దున్నే పెట్టుకున్న కుంకుమ అదే రంగు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. "దసరా" అంది వదిన.

నేను లోపలికెళ్ళి, ఏమీ ఎరగనట్టు, "అత్తా, మొన్న దసరాకి నేన్లేను కదా, ఆయుధపూజ ఎవరు సేసారు?" అని అడిగాను. మంచం మీద పడుకున్న మనిషి లేచి కూర్చుంది. "ఎవరు సేస్తారు, నానే సేసాను. నాగలికెట్టాను, కత్తిపీటకెట్టాను, గునపానికెట్టాను. ఈయేడు దాని సీసాలకి కూడా ఎట్టాను!" అంది. మా వైపు పద్ధతేమిటంటే, బొట్టు పనిముట్టు మీద ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. పని జరిగే చోట పెడతారు. నాగలికైతే కర్రుమీద, కత్తిపీటకైతే అలుగుమీద. "సీసాకి పని లోపల కదే జరుగుతాది. అందుకని మూతి లోపలికి ఏలెట్టి నూని రాసి మరీ కుంకమెట్టాను. గాజు మీద నిలబడదు కదా. మల్లీ అది సూస్తే గొడవ సేస్తాదని సెంగుతో తుడిసీసాను" అంది చిన్నపిల్లలా నవ్వుతూ. "ఒక్కపాలే నూనిలో ఏలు ముంచి అన్నిటికీ సర్దీసాను, ఆకరిదానికి సాల్లేదు."

పెరట్లోకొచ్చి చెప్పాను. వదిన ముందు నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "అందుకేనే! మొదటి సీసాలో అంకె బాగా ఎక్కువ, ఆకరిదాంట్లో కొంచెమే ఎక్కువ. అమ్మ ఏలు ఎల్లిన వరసలోనే వొచ్చాయి అంకెలు" అంది. ఒక్క బొట్టు నూనె చెంచాడు నీళ్ళకంటే ఎక్కువ మత్తుని తాగేస్తుందట. ఆవిడ అన్నాళ్ళూ నీళ్ళని కొలుస్తున్నాననుకుని వాళ్ళమ్మ వేలిముద్రని కొలిచింది. అలా నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. వదిన ఏడవడం మావయ్యగారి ఆపరేషన్ రోజు తర్వాత నేను చూసింది అప్పుడే. "అత్తకి సెప్పనా?" అన్నాను. సీసాని చెంగులో పెట్టుకుని గట్టిగా తల అడ్డంగా ఊపింది. "సెప్పావంటే నీ నా మద్దిన మాటల్లేవు. ఇన్నేల్లకి అమ్మ నా పనికి బొట్టెట్టింది. నాగలితో సమానంగా ఎట్టింది. అది తప్పని నా నోటితో నేనెలా అంటాను?"

చెప్పకపోతే పోయే, ఆ అంకెలు అలాగే వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గైడు ఒప్పుకున్నాడు, టైపువాడు కూర్చున్నాడు, వేసవిలోగా పట్టా వచ్చేది, అత్త చూసేది. మళ్ళీ చెయ్యాలంటే మందు మళ్ళీ సంపాదించాలి, సీసాలు మళ్ళీ ఉడకబెట్టాలి, గైడు రిటైరైపోతాడు, కొత్త గైడుని వెతుక్కోవాలి. ఎంత లేదన్నా ఏడాది. మా అత్త గుండెకి ఏడాది ఉందో లేదో డాక్టర్లకే నమ్మకం లేదు. ఇదంతా నాకంటే బాగా ఆవిడకే తెలుసు. సోమవారం రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, టైపుకిచ్చిన కాగితాలు వెనక్కి తీసుకుని వచ్చేసింది. గైడు చాలా కోప్పడ్డాడట. చివరికి, "నిజమేనమ్మా, నేనే తొందరపడ్డాను" అని తనే ఇంకొక ప్రొఫెసరుకి అప్పగించాడట. ఆ వారం నాకు వదిన మీద కోపమే వచ్చింది. కన్నతల్లి కోరిక కంటే నీళ్ళ లెక్క ఎక్కువా అనిపించింది. ఆ మాట పైకి అనలేకపోయాను. అనకపోయినా నా మొహం చూస్తే ఆవిడకి తెలిసే ఉంటుంది.

ఆ ఏడాది మా ఇంట్లో రోజూ ఒకటే సంభాషణ. వదిన రైలు దిగి వచ్చి చెప్పులు విడవగానే మంచం మీంచి, "అయ్యిందేటే?" అని వినపడేది. "ఇంకా సీసాలు ఆరలేదమ్మా" అనేది వదిన. "నీడనెట్టి ఉంటావు. ఎండలో ఎట్టే, తొందరగా ఆరతాయి" అనేది అత్త. ఒక రోజు కాదు రెండు రోజులు కాదు, ఏ రోజూ వదిన మొహం చిట్లించలేదు, సమాధానం మార్చలేదు. పెరట్లోకెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ మాత్రం కాసేపు గోడవైపు తిరిగి నిలబడేది. కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు సీసాలు ఊపి, ఇంటికొచ్చి తల్లికి ఒళ్ళు తుడిచి మందులిచ్చేది. నూనె తగిలిన చేత్తో లాబొరేటరీలోకి వెళ్ళకూడదని ఆ ఏడంతా తలకి నూనె రాసుకోవడం మానేసింది. జుట్టు పీచులా తయారైంది. "సదువు ముదిరి బుర్ర ఎండిపోయిందే" అని అత్త దిగులుపడి, నన్ను కొబ్బరినూనె రాయమనేది. నేనూ రాస్తాననేదాన్ని, వదినా సరేననేది, నేను రాసేదాన్నీ కాదు, ఆవిడ రాయించుకునేదీ కాదు.

మళ్ళీ దసరా వచ్చింది. అత్త లేవలేని స్థితిలో ఉంది. పూజ నన్ను చెయ్యమంది. నేను నాగలి, కత్తిపీట కడిగి వసారాలో పెడుతుంటే వదిన గదిలోంచి ఒక సీసా తెచ్చి తల్లి మంచం మీద పెట్టింది. "అమ్మా, బొట్టెట్టు" అంది. నేను కత్తిపీట దించి మంచం దగ్గరికి వెళ్ళాను. అత్త కళ్ళు చికిలించి సీసాని చూసి, "ఇది పనిసేసే సీసాయేనా? అలమారలో బొమ్మలాగ దాసుకున్నదాన్ని తెచ్చి నాకిస్తన్నావేటి? పనిసెయ్యనిదానికి బొట్టెందుకే?" అని నిలదీసింది. "పనిసేసేదేనమ్మా. నూని లెక్కలు మల్లీ ఓసారి సరిసూసుకునే సీసా ఇది. దీంట్లో నువ్వెంత నూనెట్టినా తప్పులేదు" అంది వదిన. అప్పుడర్థమైంది నాకు. నూనె కొలిచే సీసాలో ఇంకో బొట్టు నూనె పడితే అంకె చెడదు. తల్లికి అబద్ధం చెప్పకుండా, లెక్కకి అన్యాయం చెయ్యకుండా ఆవిడ ఎన్ని రోజులు ఆలోచించి ఆ సీసా ఏరిందో! లేవలేని తల్లి వేలిని వదినే నూనెగిన్నెలో ముంచింది. అత్త సీసా మూతి లోపలికి వేలు పెట్టి, చుట్టూ రాసి, కుంకుమ అద్ది, "ఇంక ఆరకపోతే సూడు" అంది.

ఆ చలికాలంలోనే మా అత్త పోయింది. నిద్దట్లో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది. నీళ్ళ కొలతలు ఆవిడ పెద్దకర్మ అయిన కొద్దిరోజులకి పూర్తయ్యాయి. ఈసారి ఏ సీసాలో చూసినా ఒక్కటే అంకె, పుస్తకాల్లో ఉన్న అంకెకి దగ్గరగా. వదిన పరీక్షకి నేనూ విశాఖపట్నం వెళ్ళి వెనకవరసలో కూర్చున్నాను. బయటి ఊరి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరొకాయన పుస్తకం తిరగేసి, "గాజుకి నూనె జిడ్డు తగిలితే నీళ్ళ అంకె ఎంత తప్పొస్తుందో చాలా వివరంగా రాశారు. ఇది నాకు బాగా నచ్చింది. ఇంతకీ ఆ జిడ్డు ఎక్కడిదని తేలింది?" అని అడిగాడు. వదిన "ఇంటిదండీ" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ఆవిడంటే ఉన్న ప్రేమ, గౌరవం, మనసులో మిగిలిపోయిన ఆ కాస్త కోపం అన్నీ ఒక్కసారే ముందుకొచ్చాయి. ఇంటికొచ్చాక ఆవిడ పేరు ముందర డాక్టరని చెక్కిన బోర్డు మావారు తలుపుకి కొట్టారు. వదిన దానివైపు చూడకుండా లోపలికెళ్ళి, దేవుడి గూట్లోకి చేరిన, అత్త బొట్టు పెట్టిన సీసాని చెంగుతో తుడిచింది, మూతి లోపల మాత్రం తుడవలేదు.

ఇక మొన్నటి ఆసుపత్రి సంగతి. "అమ్మా, కళ్ళు తెరవండి" అన్న పిలుపుకి తెరిచాను. గదికి తెచ్చాక చూస్తే వదిన తడిగుడ్డతో నా పెదాలు తుడుస్తోంది. మత్తు వదిలేటప్పుడు మనిషికి నోటి మీద అదుపుండదంటారు. అదే సాకు చేసుకున్నానో, నిజంగానే అదుపు తప్పిందో తెలీదు, ఇన్నేళ్ళూ దిగమింగుకున్న ప్రశ్న బయటికొచ్చేసింది. "వదినా, ఆ యేడు ఆ అంకెలు అలాగే ఒగ్గీసి ఉంటే, అత్త సూసి ఎల్లేది కాదేటి?" వదిన తడిగుడ్డ పక్కన పెట్టింది. "సూసేది" అంది. నా దుప్పటి సర్ది మళ్ళీ అంది: "అది నేను అనుకోని రోజు లేదే. అమ్మ పని జరిగే సోట బొట్టెట్టింది. ఆ సోటే తప్పుంచీసి, తలుపు మీద పేరు రాయించుకుని, ఇదుగో సూడమ్మా అని అమ్మకి ఎలా సూపించను?" కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా కోపం ఆ చేతిలోనే ఎక్కడో పోయింది.

అంతలో ఆ కుర్ర డాక్టరు వచ్చి, మత్తంతా వదిలిపోయిందా అమ్మా అని అడిగాడు. వదిలిపోయింది బాబూ, నీళ్ళలో తక్కువ కరిగే మందు కదా అన్నాను. మా జీవితాల్లో కాలం కూడా చాలావాటిని అంతే తేలిగ్గా వదిలేసింది. మా అత్త నూనె వేలిని మాత్రం ఇంకా పట్టుకునే ఉంది.